పెలియాస్‌గా పాడినాయనే ఊయల పాటా పాడాడు

మంగళవారం. రోజంతా సన్నగా వాన.

పొద్దుటి మీటింగులు అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినేసి, గొడుగు పట్టుకుని కాసేపు నడుద్దామని బయటికి వెళ్ళాను. పారిస్‌లో మా ఆఫీసు రిషెల్యూ-ద్రువో మెట్రో స్టేషన్ దగ్గర. అక్కడినుంచి రెండు సందులు దాటితే ఒపెరా కొమీక్ థియేటర్. దాని ముఖద్వారం పెద్ద రోడ్డు వైపు ఉండదు, వెనకనున్న చిన్న కూడలి వైపు తిరిగి ఉంటుంది. 1783లో ఇక్కడ మొదటి హాలు కట్టినప్పుడు, పెద్ద రోడ్డు మీద ఆడే వినోదపు నాటకాలవాళ్ళతో తమని ఎక్కడ కలిపేస్తారోనని ఇక్కడి కళాకారులే అలా కట్టించుకున్నారని చెబుతారు. ఇప్పుడున్న భవనం అది కాదు. రెండో హాలు 1887 మే 25న ప్రదర్శన జరుగుతుండగానే కాలిపోయింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఈ మూడోది 1898 డిసెంబర్‌లో తెరిచారు. ఇదీ ఆ చిన్న కూడలి వైపే చూస్తుంది.

భవనాలు మారినా ఆ భయం మాత్రం పోలేదు. ఈమధ్య కాఫీ దగ్గర ఒక కొలీగ్ మాటల్లో ఇదే వచ్చింది. ఫోరె, దెబుస్సీ, రవెల్ లాంటి ఫ్రెంచ్ స్వరకర్తల పాటలు అంత గంభీరంగా పాడే బారిటోన్ (మగగొంతుల్లో మధ్యస్థాయి) గాయకులు, ఒపెరెట్ అనే సరదా సంగీత నాటకాల్లో మీసాలు అతికించుకుని గెంతులేస్తే అతనికి బాధగా ఉంటుందట. డబ్బుల కోసం చేస్తారులే అని అతనే సర్దిచెప్పాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పడానికి టైం దొరకలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా జవాబు ఒక మనిషి. జాఁ పెరియే, 1869లో పుట్టిన బారిటోన్. మన దగ్గర ఈ పేరు ఎవరికీ తెలియదు, ఫ్రాన్స్‌లోనూ ఇప్పుడు పెద్దగా తలుచుకోరు. 1898 డిసెంబర్ 10న, అంటే ఈ కొత్త భవనం తెరిచిన మూడు రోజులకే, ఇక్కడికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉన్న బూఫ్-పారిసియెన్ అనే సరదా థియేటర్‌లో ఆంద్రే మెసజే రాసిన 'వెరొనీక్' అనే ఒపెరెట్ మొదటిసారి ఆడారు. అందులో హీరో ఫ్లొరెస్తాఁ అప్పుల్లో మునిగిన కులీనుడు. పెళ్ళి చేసుకుంటావా, జైలుకి పోతావా అన్న పరిస్థితి అతనిది. అతను చేసుకోవాల్సిన అమ్మాయి పూలమ్మే పిల్లగా వేషం వేసుకుని వచ్చి అతన్ని ఆటపట్టిస్తుంది. ఆ ఫ్లొరెస్తాఁ వేషం వేసింది పెరియే. గాడిద మీద షికారు వెళ్తూ ఒక యుగళగీతం, ఊయల ఊపుతూ ఇంకొకటి, ఆ రెండూ ఇప్పటికీ ఫ్రాన్స్‌లో పెద్దవాళ్ళ నోట వినిపిస్తాయి.

మూడున్నరేళ్ళు గడిచాక, 1902 ఏప్రిల్ 30న, దెబుస్సీ ఒపెరా 'పెలియాస్ ఎ మెలిసాంద్' మొదటి ప్రదర్శన ఈ ఒపెరా కొమీక్‌లోనే జరిగింది. ఫ్రెంచ్ సంగీతాన్ని మలుపు తిప్పిన రాత్రుల్లో అదొకటి. చీకటి కోట, అడుగు కనిపించని బావి, పైకి చెప్పుకోలేని ప్రేమ. అందులో పెలియాస్‌గా నిలబడింది అదే పెరియే. ఆర్కెస్ట్రాని నడిపింది అదే మెసజే. దెబుస్సీ ఆ స్వరరచనని అంకితమిచ్చిన ఇద్దరిలో మెసజే ఒకడు. ఊయల పాట రాసినాయన, ఆ పాట పాడినాయన, ఇద్దరూ కలిసి ఆ శతాబ్దంలోకెల్లా విషాదమైన ప్రేమకథల్లో ఒకదాన్ని జనం ముందుకి తెచ్చారు. ఎవరి గౌరవమూ తగ్గలేదు.

అది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. పెలియాస్‌లో గాయకుడు గొంతు చించుకుని పాడే చోట్లు చాలా తక్కువ. దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, మాట ఎటు సాగితే స్వరం అటు సాగుతుంది. అలా పాడాలంటే ప్రతి మాటా చివరి వరుస దాకా చేరాలి. ఆ విద్య ఎక్కడ నేర్చుకుంటారు? జోక్ అర్థం కాకపోతే హాలంతా నిశ్శబ్దంగా ఉండిపోయే చోట నేర్చుకుంటారు. గంభీరమైన పాటలో రెండు మాటలు మింగేసినా రాగం బాగుందని సరిపెట్టుకుంటాం. నవ్వించే పాటలో ఒక్క మాట మింగేస్తే నవ్వు రాదు. అక్కడ గాయకుడు దాక్కోవడానికి చోటే లేదు.

అందులోనూ బారిటోన్ గొంతుకి ఇది బాగా నప్పుతుంది. మగవాళ్ళు మామూలుగా మాట్లాడే స్థాయి అదే కదా. టెనార్ పైకి వెళ్తుంటే ఆ స్వరం కోసం ఎదురుచూస్తాం, బేస్ కిందికి దిగుతుంటే ఆ లోతు కోసం చూస్తాం. బారిటోన్ నోరు తెరిస్తే ఏం చెబుతాడా అని చూస్తాం. ఫ్రాన్స్‌లో దీనిలోనే ఒక తేలికైన రకం ఉంది. మంద్రంలో బరువు తక్కువ, పైన టెనార్ దగ్గరిదాకా సునాయాసంగా వెళ్తుంది. దాన్ని బారిటోన్-మార్తాఁ అంటారు. జాఁ-బ్లేజ్ మార్తాఁ అనే గాయకుడి పేరు మీద వచ్చిందది. ఆయన 1768లో పుట్టి 1837లో పోయాడు, ఒపెరా కొమీక్ గాయకుడే. అంటే పెలియాస్ పాడే గొంతు రకానికి పేరు కూడా, పేరులోనే 'కొమీక్' ఉన్న నాటకశాల నుంచే వచ్చింది!

సాయంత్రం ఆరున్నరకి మా పేటలోని మునిసిపల్ సంగీత పాఠశాలలో గాత్రం క్లాసు ఉంది, ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు. మెట్రో కిక్కిరిసి ఉంది, తడిసిన కోట్ల వాసన. నేను వెళ్ళేసరికి ఒక కుర్రాడు పియానో పక్కన నిలబడి ఉన్నాడు. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. ఫోరె రాసిన 'లోరిజోఁ షిమెరీక్' నుంచి చివరి పాట మొదలుపెట్టాడు. నా మనసుకి చాలా దగ్గరైన పాట అది. రేవులో నిలబడి, వెళ్ళిపోతున్న ఓడల్ని చూస్తూ, వాటితో వెళ్ళలేకపోయిన మనిషి పాట.

ఆ మాటలు రాసిన జాఁ ద లా విల్ ద మిర్మోఁ రేవు పట్టణం బోర్దోలో పుట్టాడు. 1914 నవంబర్‌లో యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27. కవితలు పుస్తకంగా వచ్చింది ఆయన పోయాకే. వాటిలో నాలుగింటిని 1921లో ఫోరె పాటలుగా కట్టాడు. ఫోరెకి అప్పుడు 76 ఏళ్ళు, వినికిడి బాగా దెబ్బతింది. స్వరాలు వంకరగా చెవిన పడుతున్న మనిషి అంత శుభ్రమైన సంగీతం ఎలా రాశాడో తలుచుకుంటే గుండె పట్టేస్తుంది. దాన్ని షార్ల్ పాన్జేరా అనే యువ బారిటోన్ కోసం రాశాడు. 1922 మేలో పాన్జేరా మొదటిసారి పాడినప్పుడు పియానో మీద ఆయన భార్య మాగ్దలేన్. వాళ్ళ రికార్డింగ్ దొరుకుతుంది. వెనకాల గరగర ఉన్నా పాన్జేరా అచ్చులు ఎంత తేటగా ఉంటాయో!

కుర్రాడి గొంతు బాగుంది. కానీ ఆ గొంతుని తనే వింటూ పాడుతున్నాడు, ఓడలు కనిపించడం లేదు. టీచరమ్మ ఆపలేదు, పూర్తిగా పాడనిచ్చింది. తర్వాత ఆ పాట పక్కన పెట్టమని, 'వెరొనీక్'లో ఊయల పాట తీయమంది. నాకు ఒళ్ళు జలదరించింది. మధ్యాహ్నం నుంచి నేను ఆలోచిస్తున్న పాటే! ఇంకో విద్యార్థిని లేచి వచ్చింది. మొదట స్వరం లేకుండా మాటలు మాత్రం చెప్పించింది టీచరమ్మ. ఆ తర్వాత లయలో చెప్పించింది. హల్లులు పెదాల దగ్గరే చకచకా పలికేయాలి, వెంటనే అచ్చుకి దారి ఇవ్వాలి, దవడ బిగించకూడదు. 'ర' గొంతులోంచి కాదు, నాలుక కొసతో తేలిగ్గా. ఇక్కడ మామూలు మాటల్లో 'ర' గొంతులోంచే వస్తుంది. శాస్త్రీయంగా పాడేటప్పుడు మాత్రం మన 'ర'లాగే నాలుక కొసకి వస్తుంది. మెల్లమెల్లగా కుర్రాడి భుజాలు వదులయ్యాయి. ఆ అమ్మాయి వైపు తిరిగి పాడటం మొదలుపెట్టాడు. వెనక వరుసలో ఒక పెద్దావిడ నవ్వింది. ఆ నవ్వు విని వాడి ముఖం వెలిగిపోయింది.

అప్పుడు మళ్ళీ ఫోరె పాడమంది. ఈసారి మాటలన్నీ వినిపించాయి. పైస్థాయి స్వరం మొదటిసారి అంత గట్టిగా రాలేదు, దాని గురించి ఎవరికీ పట్టలేదు. చివరికొచ్చేసరికి నా పక్కనున్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఫోరె పాట దిద్దడానికి ఆవిడ వాడిన మందు మెసజే. ఆఫీసులో నేను చెప్పలేకపోయింది ఆవిడ పావుగంటలో చేసి చూపించింది.

ఇంటికొచ్చి అన్నం పడేసి, అమ్మకి ఫోన్ చేశాను. కాకినాడలో అప్పటికి అర్ధరాత్రి దాటింది, ఈమధ్య అమ్మకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. క్లాసు సంగతి చెప్తే, "సాహిత్యం వినపడకపోతే అది పాటెలా అవుతుందే, వాయిద్యం అవుతుంది" అంది. అమ్మ కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, ఈ విషయంలో ఎవరినీ వదలదు.

నాకిష్టమైన పేరు ఇంకొకటి ఉంది. రెనాల్డో ఆన్. వెనెజువేలాలోని కరకాస్‌లో పుట్టి పారిస్‌లో పెరిగాడు. కౌమారంలోనే రాసిన పాటలు ఇప్పటికీ కచేరీల్లో పాడుతున్నారు. తనే పియానో వాయించుకుంటూ సన్నటి బారిటోన్ గొంతుతో పాడేవాడు, ఆ రికార్డింగులూ ఉన్నాయి. గానం మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1920లో పుస్తకంగా వచ్చాయి. మాటని పాడాలి అన్నదే వాటిలో ప్రాణం. అలాంటి ఆయన 1923లో 'సిబులెత్' అనే ఒపెరెట్ రాశాడు. కూరగాయల మార్కెట్, పొలాలు, జాతకం, పెళ్ళిగోల, అంతా సందడి. ఆ సందడి మధ్యలో ద్యుపార్కే అనే ముసలి ఉద్యోగి ఉంటాడు. అతనెవరో కాదు, 'లా బొఎమ్' ఒపెరా కథలో ప్రేయసి మిమిని పోగొట్టుకున్న కవి రొదొల్ఫ్, వయసు మళ్ళాక. ఒకచోట ఆ సంగతి బయటపెట్టి, ఆమె గుర్తుగా తనకి మిగిలినదాని గురించి పాడతాడు. నవ్వుతూ కూర్చున్న హాలు ఒక్కసారిగా మూగబోతుంది. ఒపెరెట్ అంటే చులకనగా చూసేవాళ్ళకి నేను మొదట వినిపించాలనుకునే పాట అది.

ఆ ద్యుపార్కే వేషం మొదటిసారి వేసింది ఎవరో కాదు, జాఁ పెరియే. అప్పటికి 54 ఏళ్ళు. మధ్యలో 1911లో రవెల్ 'లెర్ ఎస్పాన్యోల్'లోనూ ఆయనే కంచర గాడిదలు తోలే రమీరో. గడియారాలు బాగుచేసేవాడి భార్య ప్రియుల్ని గడియారాల్లో దాచేస్తే, లోపల మనుషులున్నారని తెలియక వాటిని భుజాన వేసుకుని మేడ మీదకీ కిందకీ మోసే అమాయకుడు. ఫ్లొరెస్తాఁ, పెలియాస్, రమీరో, ద్యుపార్కే. నలుగురూ ఒక్క గొంతులోంచే వచ్చారు. పెరియే తర్వాతా ఈ దారి ఆగలేదు. 1941లో 'పెలియాస్' రికార్డు చేసిన జాక్ జాన్సెన్ 'లా వవ్ జ్వాయోజ్' ఒపెరెట్‌లో డానిలో అనే హీరో పాత్రకీ అంతే పేరు తెచ్చుకున్నాడు. మన కాలంలో లోరాఁ నఊరి ఉన్నాడు. 'పెలియాస్'లో అసూయతో రగిలిపోయే గొలోగా భయపెడతాడు. ఒఫెన్‌బాక్ 'ఒర్ఫె ఓజాఁఫెర్'లో దేవతల రాజు జుపితేర్‌గా వచ్చి, ఈగ రూపమెత్తి జుమ్మంటూ ప్రేమించేస్తాడు. ఈగ పాటలో కూడా శ్రుతి, శ్వాస ఎక్కడా తప్పవు.

ఇక స్వరకర్త పూలెంక్, బారిటోన్ బెర్నాక్ జంట గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఇద్దరూ 1899లోనే పుట్టారు. ఎల్యుఆర్ కవితలకి పూలెంక్ కట్టిన తొమ్మిది పాటల్ని 1937 ఫిబ్రవరిలో పారిస్‌లోని సాల్ గవో అనే కచేరీ హాల్లో బెర్నాక్ పాడాడు, పియానో మీద పూలెంక్. అవి వింటే ప్రార్థనలా ఉంటాయి. అదే జంట 1926లో మొదలైంది మాత్రం పచ్చి శృంగారపు కొంటె పాటలతో! ఆ పూలెంక్‌దే 1947లో ఒపెరా కొమీక్‌లో ఆడిన 'లె మమెల్ ద తిరెజియాస్'. అందులో మొగుడు ఒక్కరోజులో 40,049 మంది పిల్లల్ని కంటాడు. అంత గోలకీ ముందు నాటకశాల డైరెక్టర్‌గా ఒక బారిటోన్ తెర ముందుకొచ్చి పాడే పీఠిక మాత్రం ఎంత నిండుగా, ఎంత గంభీరంగా ఉంటుందో. యుద్ధం ముగిసిన రెండేళ్ళకి, అంతమందిని పోగొట్టుకున్న దేశంలో, పిల్లల్ని కనండి అని చెప్పే నాటకం అది. దాన్ని వట్టి అల్లరి అనడానికి నాకు నోరు రాదు.

విశాఖ నుంచి నా ఫ్రెండ్ వాయిస్ మెసేజ్ పెట్టింది. ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు, ఎక్కడ మొదలుపెట్టనే, అని. పాన్జేరా పాడిన ఫోరె పాటలు రేపు పొద్దున్న నడకకి వెళ్ళేటప్పుడు విను, అర్థం నేను ముందే రాసి పంపిస్తాను అన్నాను. ఆ వెంటనే 'వెరొనీక్' ఊయల పాట వినాలి, మధ్యలో గ్యాప్ ఇవ్వొద్దు, ఆ వరస మార్చొద్దు అని కూడా చెప్పాను. ఇప్పుడు కూర్చుని ఆ నాలుగు పాటల అర్థం రాయాలి.