ఈ నెట్‌వర్క్ సొంతమా, పరాయిదా?

కంపెనీ నా చేతికిచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ మొత్తం నేను ఉద్యోగానికి వెళ్లిన దేశపు భాషలోనే ఉంది. ఏ బటన్ ఎక్కడుంటుందో అలవాటే కాబట్టి, మీద రాసింది చదవలేకపోయినా పని నడిచిపోయేది. చేరిన మూడో రోజు నోడ్‌లో (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలను నడిపే పనిముట్టు) ఒక చిన్న సర్వర్, అంటే అడిగినవాళ్లకి పేజీలు అందించే ప్రోగ్రాం, రాసి నడిపాను. నడిపీ నడపగానే తెర మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమైంది. డాలు బొమ్మ, మూడు నాలుగు వాక్యాలు, టిక్ పెట్టే గడులు రెండు, బటన్లు రెండు. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటే: ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ నుంచి మెషీన్‌లోకి ఎవరు రావచ్చో తేల్చే కాపలా.

గుండె జారిపోయింది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందని తెలిసి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్న మనిషికి కంపెనీ మెషీన్ మీద హెచ్చరికలాంటిది కనిపిస్తే, ‘చేయకూడనిదేదో చేశాను’ అనే ముందు తోస్తుంది. అనుమతించే బటన్ ఇదే అయ్యుంటుందని ఒకదాన్ని నొక్కాను. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. నాకు ఆ హక్కులు లేవు. గబగబా దాన్ని మూసేసి, రెండో బటన్ నొక్కాను. పెట్టె పోయింది. బ్రౌజర్‌లో నా పేజీ ఎప్పట్లాగే తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను.

ఆరు వారాల తర్వాత అదే పేజీని ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూడమన్నారు. ఫోన్, ల్యాప్‌టాప్ ఒకే వైఫై మీద ఉన్నాయి. నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌ని గుర్తించే నంబరు, అంటే దాని ఐపీ అడ్రస్, ఫోన్‌లో కొట్టాను. చాలాసేపు తిరిగి తిరిగి, టైమ్ అవుట్ అంది. ఫైర్‌వాల్ అడ్డం అయ్యుంటుందని నా సర్వర్ వాడే 3000 పోర్టు (మెషీన్‌లోకి వచ్చే నంబరున్న తలుపులాంటిది) తెరవమని ఐటీ వాళ్లకు టికెట్ పెట్టాను. ఫోన్ చేసి మాట్లాడితే వాళ్ల యాస నాకు, నా యాస వాళ్లకు పట్టుబడదని అప్పట్లో అన్నీ రాతలోనే పెట్టేవాణ్ణి. మర్నాడు తెరిచామని జవాబిచ్చారు. మళ్లీ ప్రయత్నించాను. అదే టైమ్ అవుట్.

తర్వాతి రెండు రోజులు ఎందుకు నోరు విప్పలేదో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకసారి చేయించుకున్న పనే మళ్లీ అడిగితే ఇతనికి పని రాదనుకుంటారని భయం. కోడ్ మార్చాను, పోర్టు మార్చాను, ఫోన్ మార్చాను. అందరూ వెళ్లిపోయాక కూర్చుని మళ్లీ మొదటి నుంచీ చూసుకున్నాను. మూడో రోజు పక్క సీటు సీనియర్, ఆయనా వేరే దేశం నుంచి వచ్చి చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నవారు, ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయనకు అడ్మిన్ హక్కులున్నాయి. ఫైర్‌వాల్‌లో లోపలికొచ్చే కనెక్షన్ల నియమాల జాబితా తెరిచి కిందికి జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు. నోడ్ పేరు మీద రెండు వరుసలు, ముందు ఎర్ర గుర్తుతో. ఒకటి టీసీపీకి, ఒకటి యూడీపీకి, అంటే నెట్‌వర్క్‌లో డేటా పంపే రెండు పద్ధతులకి. రెండూ నిరోధించే నియమాలే. వాటిని పెట్టింది ఐటీ వాళ్లు కాదు. చేరిన మూడో రోజు నేను నొక్కిన ఆ రెండో బటన్, రద్దు.

రద్దు అంటే ‘ఇప్పుడొద్దు, తర్వాత చూద్దాం’ అని మనం అనుకుంటాం. విండోస్ ఫైర్‌వాల్ అలా తీసుకోదు. ఆ ప్రోగ్రాంకి బయటి నుంచి ఎవరూ కనెక్ట్ కాకూడదన్న శాశ్వత నియమంగా రాసుకుంటుంది. నియమం ఉంది కాబట్టి మళ్లీ అడగదు. ఐటీ వాళ్లు పెట్టిన అనుమతి కూడా జాబితాలో ఉంది, నిజమే. కానీ సరే అన్న నియమమూ వద్దన్న నియమమూ ఒకే కనెక్షన్ మీద తలపడితే వద్దన్నదే నెగ్గుతుంది. ఆ వద్దన్నది పోర్టుకి కాదు, ప్రోగ్రాంకి. అందుకే పోర్టు మార్చినా ఫలితం లేకపోయింది. ఇక నా బ్రౌజర్‌లో పేజీ ఎందుకు కనిపించిందంటే, అదే మెషీన్‌లో అది 127.0.0.1 ద్వారా, అంటే లూప్‌బ్యాక్ మీద వెళ్తుంది. ఆ రాకపోకలు మెషీన్ దాటి బయటికే పోవు, ఈ నియమాలు వాటికి అడ్డు రావు. సీనియర్ ఆ రెండు వరుసలూ తీసేశారు. ఫోన్‌లో పేజీ వచ్చేసింది. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఆ పెట్టె వచ్చిన రోజే తనను పిలిచి ఉంటే ఆయనే చదివి చెప్పేవారట. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ సాయంత్రం ఆ పెట్టె నిజంగా ఏమడుగుతోందో వాక్యం వాక్యం అనువాదం చేసుకుని చదివాను. ఒక ప్రోగ్రాం పోర్టు తెరిచి బయటివాళ్ల కనెక్షన్ల కోసం కాచుకుని కూర్చుంటోంది, దీన్ని ప్రైవేటు నెట్‌వర్క్‌లలో అనుమతించాలా, పబ్లిక్ నెట్‌వర్క్‌లలో అనుమతించాలా అని అడుగుతోంది. ఆ రెండు గడులూ అవే. నన్ను తప్పుపట్టడం అందులో ఎక్కడా లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే దాని వెనక నిజమైన దెబ్బలున్నాయి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే వైరస్‌లాంటిది) 135 పోర్టు గుండా విండోస్ మెషీన్లలోకి దూరింది. ఎవరూ ఏ అటాచ్‌మెంటూ తెరవక్కర్లేదు, మెషీన్ నెట్‌కి తగిలించి ఉంటే చాలు. విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అప్పటికే ఉంది కానీ మొదటి నుంచీ ఆన్‌లో ఉండేది కాదు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 తోనే అది అందరికీ ఆన్ అయింది, ఇలా అడిగే పెట్టె కూడా అప్పుడే మనందరి తెరల మీదకి వచ్చింది. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అనే వార్మ్ 445 పోర్టు పట్టుకుని ఎంత నష్టం చేసిందో చూసినవాళ్లెవరూ ఈ ప్రశ్నను చిరాకుగా తోసెయ్యరు.

అయినా నాకూ కొన్ని నెలల పాటు చిరాకు తెప్పించింది. మా సర్వీసులు నోడ్ నుంచి గో భాషకి మారాక, ‘గో రన్’ అని కొట్టిన ప్రతిసారీ పెట్టె రావడం మొదలైంది. రోజుకి ఇరవై ముప్పై సార్లు. కారణం తెలిశాక విసుగు పోయింది. విండోస్ తన నియమాన్ని ప్రోగ్రాం ఫైలు ఉన్న దారిని బట్టి రాసుకుంటుంది. అప్పటి గో రన్ ప్రతిసారీ తాత్కాలిక ఫోల్డర్‌లో కొత్త పేరున్న చోట ప్రోగ్రాంని కట్టి నడిపేది. దారి కొత్తదైతే ప్రోగ్రాం కొత్తదే, ప్రశ్నా కొత్తదే. ఎప్పుడూ ఒకే చోటికి బిల్డ్ చేసి అక్కణ్ణుంచి నడిపితే ఒక్కసారి జవాబిస్తే సరిపోతుంది.

కానీ అసలు మందు అది కాదు. మా కోడ్‌లో పోర్టు తెరిచే చోట ముందు అడ్రస్ లేకుండా, కోలన్ పెట్టి 8080 అని మాత్రమే రాసి ఉంది. గోలో దానర్థం ఈ మెషీన్‌కి ఉన్న అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌ల మీదా కాచుకో అని. వైఫై మీద, కేబుల్ మీద, అన్నిటి మీదా. 127.0.0.1:8080 అని రాస్తే ఈ మెషీన్‌లోని వాళ్లు తప్ప ఎవరూ పలకరించలేరు. అప్పుడు ఫైర్‌వాల్‌కి అడగాల్సిన అవసరమే ఉండదు, పెట్టె రాదు. తొమ్మిది అక్షరాలు చేర్చడం, అంతే. తర్వాత నాకు మ్యాక్ ఇచ్చినప్పుడూ అదే పనికొచ్చింది. అక్కడ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాంని తిరగ కంపైల్ చేసినప్పుడల్లా ఫైర్‌వాల్ కొత్తదనుకుని అడుగుతుంది. టెస్టులు నడిపితే ఆ పెట్టె మెరిసి, నొక్కేలోపే మాయమయ్యేది. టెస్టుల్లోనూ 127.0.0.1 అని రాశాక ఆగిపోయింది.

ఇంతవరకూ నాకిది పనికి అడ్డొచ్చే విషయం మాత్రమే. దాని బరువు తెలిసింది నేనున్న ఇంట్లో.

వచ్చిన కొత్తలో ఎక్కువ మందిలాగే నేనూ ఒక ఇంట్లో ఒక గది తీసుకున్నాను. ఆ ఇంట్లో మొత్తం ఆరుగురం. ఎవరెక్కడివాళ్లో, ఏం పని చేస్తారో ఒకరిదొకరికి సరిగా తెలియదు. ఎవరో ఒకరు ఖాళీ చేస్తుంటారు, ఇంకొకరు దిగుతుంటారు. వైఫై మాత్రం అందరికీ ఒక్కటే, పాస్‌వర్డ్ వంటగది గోడ మీద అంటించి ఉంటుంది. మొదటిసారి ల్యాప్‌టాప్‌ని ఆ వైఫైకి కలిపినప్పుడు, ఈ నెట్‌వర్క్‌లోని మిగతా పరికరాలకు నీ మెషీన్ కనిపించవచ్చా అని విండోస్ అడిగింది. ఇల్లే కదా అని అవునన్నాను. దాంతో అది ప్రైవేటు నెట్‌వర్క్‌గా నమోదైంది.

ఒక ఆదివారం సాయంత్రం ఇంటి నుంచే పని చేస్తూ, ఫోన్‌లో చూద్దామని ఐపీ అడ్రస్ కొట్టాను. వేరే పేజీ చూడాల్సింది, పోర్టు నంబరు తప్పు పడింది. తెరుచుకున్నది మా అడ్మిన్ పేజీ. డెవలప్‌మెంట్ కోసం లాగిన్ తీసేసి పెట్టుకున్నది. అందులో టెస్ట్ డేటాబేస్, దాన్నిండా నిజమైన కస్టమర్ల వివరాల నకలు. ఆ పేజీ ఆ ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా అలాగే తెరుచుకుంటుంది. నిన్న దిగిన మనిషి ఫోన్‌లో కూడా. ఎన్ని నెలలుగా అలా తెరిచి ఉందో లెక్కపెట్టుకుంటే ఒళ్లు చల్లబడింది. ఎవరూ చూసిన ఆనవాళ్లు లేవు. లాగ్‌లన్నీ ఆ రాత్రే వెతికాను. మర్నాడు పొద్దున్నే మేనేజర్‌తో ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి రెండు రోజులు ఆగలేదు. నిజమైన కస్టమర్ల నకలును అందరి ల్యాప్‌టాప్‌ల నుంచి అదే వారంలో తీసేశారు.

ప్రైవేటు, పబ్లిక్ అన్న ఆ రెండు మాటలు పెట్టినవాళ్ల మనసులో ఒక సొంత ఇల్లు, తన మనుషులు మాత్రమే వాడే రూటర్ ఉన్నాయి. అద్దె గదిలో ఉండేవాడికి ‘నా ఇల్లు’ అన్నది నెట్‌వర్క్ లెక్కలో హోటల్ లాబీతో సమానం. తలుపుకి తాళం ఉన్నది నా గదికి, వైఫైకి కాదు. పరాయి దేశంలో ఇల్లు పంచుకుని ఉంటూ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఆ వైఫైని పబ్లిక్‌గా మార్చుకోండి. ఫోన్‌తో చూడాల్సి వచ్చినప్పుడు ఆ కాసేపు తెరిచి, పనయ్యాక మూసేయండి.

ఏ పనిముట్టు మొదటి నుంచీ ఎంత తెరిచి ఉంచుతుందో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉండవు. పైథాన్‌లో వెబ్‌సైట్లు రాయడానికి వాడే జాంగో, ఫ్లాస్క్‌ల డెవలప్‌మెంట్ సర్వర్లు మనం చెప్పనంత వరకూ 127.0.0.1 మీదే ఉంటాయి. పైథాన్‌తో పాటు వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ మాత్రం అన్ని అడ్రస్‌ల మీదా తెరుచుకుని, ఉన్న ఫోల్డర్‌ని మొత్తం చూపిస్తుంది. నోడ్‌లో పోర్టు మాత్రమే ఇస్తే అదీ అంతే. ప్రోగ్రాంలను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్‌లో, వేరే చెప్పకుండా పోర్టు బయటపెడితే అన్ని అడ్రస్‌ల మీదా తెరుచుకుంటుంది. పైగా లైనక్స్‌లో డాకర్ తన నియమాలు తానే రాసుకుంటుంది కాబట్టి అక్కడి ఫైర్‌వాల్ పనిముట్టు యూఎఫ్‌డబ్ల్యూ మూసిందనుకున్న పోర్టు కూడా తెరిచే ఉంటుంది. అక్కడ పెట్టె రాదు, ప్రశ్న ఉండదు. అందుకే నాకు అదే ఎక్కువ భయం. మాంగోడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది: 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా నెట్‌కి తెరిచి ఉన్న డేటాబేస్‌లను వేల సంఖ్యలో తుడిచేసి, డబ్బు అడిగారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అది లోకల్‌హోస్ట్ మీద, అంటే తానున్న మెషీన్ మీద మాత్రమే కాచుకోవడం మొదలుపెట్టింది.

ఒక చిక్కు గురించి చెప్పాలి, దానివల్లే చాలామంది మళ్లీ తలుపులన్నీ తెరుస్తారు. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అన్న పేరు 127.0.0.1 కి బదులు ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్ ::1 కి (అదీ ఈ మెషీన్‌దే) తీసుకెళ్లవచ్చు. సర్వర్ 127.0.0.1 మీద ఉంటే కనెక్షన్ తిరస్కరించారని వస్తుంది. ఇది ఫైర్‌వాల్ పని కాదు. రెండు వైపులా 127.0.0.1 అనే రాస్తే సరిపోతుంది. తిరస్కరించడం వేరు, టైమ్ అవుట్ వేరు. వెంటనే తిరస్కరించారంటే సాధారణంగా అక్కడ వినేవాడు లేడని. జవాబే లేకుండా వేలాడుతుంటే ఫైర్‌వాల్‌ని అనుమానించండి. అప్పట్లో ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే ఆ రెండు రోజుల్లో సగం మిగిలేది.

మొన్న మా టీమ్‌లోకి కొత్తగా ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. చేరి వారం కూడా కాలేదు. మధ్యాహ్నం నా సీటు దగ్గరికి వచ్చి, “అన్నా, ఒకసారి రాగలవా? ఫైర్‌వాల్ ఏదో అడుగుతోంది. నాకు చదవడం రాలేదు, ఏదీ నొక్కలేదు” అన్నాడు.

వెళ్లి చూశాను. అదే పెట్టె, అదే భాష, తెర మధ్యలో అలాగే ఉంది. చదివి చెప్పాను. “సర్వర్ 127.0.0.1 మీదే పెట్టాను కదన్నా, మరి ఎందుకు అడుగుతోంది?” అన్నాడు. మంచి ప్రశ్న. ఏ ప్రోగ్రాం ఏ పోర్టు తెరిచిందో చూపించే నెట్‌స్టాట్ ఆదేశం కొట్టించాను. అతని సర్వర్ 8080 మీద 127.0.0.1 తోనే ఉంది. దాని కింద అదే ప్రాసెస్ నంబరుతో ఇంకో వరుస, 0.0.0.0:9090, అంటే అన్ని అడ్రస్‌ల మీదా 9090 పోర్టు. మెట్రిక్స్ (ప్రోగ్రాం ఎలా నడుస్తోందో చూపే లెక్కలు) కోసం చేర్చుకున్న లైబ్రరీ తనంతట తానే ఇంకో పోర్టు తెరిచింది. మా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. సెట్టింగ్స్‌లో దాని అడ్రస్ కూడా 127.0.0.1 చేశాడు.

తర్వాత ఆ పెట్టెలో రద్దు నొక్కించి, ఐటీ డెస్క్‌కి ఫోన్ చేయమన్నాను. కాస్త తడబడ్డాడు. “నువ్వు మాట్లాడు, నేను పక్కనే ఉంటాను” అన్నాను. అతని ప్రోగ్రాం పేరు మీద ఇప్పుడే రెండు నిరోధక నియమాలు పడి ఉంటాయి, వాటిని తీసేయాలి అని చెప్పాడు. అవతలి ఆవిడ రెండుసార్లు మళ్లీ చెప్పమంది. మూడోసారికి అర్థమై, ఉన్నాయి, తీసేస్తున్నానంది.