మూడు కాళ్ళ మేక

బెంగళూరు కమర్షియల్ స్ట్రీట్ పక్క సందులో పాత సామాన్ల కొట్టొకటి ఉంది. పోయిన ఆదివారం అమ్మని తీసుకెళ్ళాను. కొట్టాయన ఒక తివాచీ పరిచి, "ఇరాన్‌లో షిరాజ్ వైపు కష్కాయి తెగవాళ్ళు నేసింది, నూరేళ్ళ పైమాటే. అన్నీ చెట్ల రంగులే" అన్నాడు. ఆ ఎరుపుకి నేను అక్కడే పడిపోయాను.

అమ్మ మాత్రం మూల పట్టుకుని తిరగేసింది. చిన్నప్పుడు ఏలూరులో తివాచీ మగ్గం మీద కూర్చున్న మనిషి. ముందువైపు ఆవిడకి ఆనదు.

"ఏరా, పడుగు కూడా ఉన్నే!"

ఏలూరులో పడుగుకి, అంటే నిలువు పోగులకి, నూలు. కష్కాయిలు జాగ్రోస్ కొండల్లో ఎండాకాలం పైకి, చలికాలం కిందికి మందలు తోలుకెళ్ళే జనం. చేతికందేది గొర్రె బొచ్చు, పడుగూ పేకా అదే. మగ్గం నేలమీద పరిచి మేకులు కొట్టేది. డేరా ఎత్తే రోజున సగం నేసినదాన్ని చుట్టుకుపోయి ఇంకోచోట బిగిస్తారు. అందుకే కాబోలు, దీని ఒక కొస రెండో కొసకంటే నాలుగు వేళ్ళు వెడల్పు.

నడిమధ్యలో నీలం మారిపోయింది. పైన ముదురు, కింద వెలిసిన లుంగీ. డ్యామేజీ అనుకున్నాను.

"ఉన్ను చాల్లేదు, నేసినావిడ మళ్ళీ రంగులో ముంచింది. మా మేస్త్రీ అయితే విప్పించేవాడు" అంది అమ్మ. దీన్ని అబ్రాష్ అంటారు, పాత తివాచీలు కొనేవాళ్ళు కావాలని వెతుక్కుంటారు.

నిండా మామిడిపిందెలు. వాళ్ళు బోతే అంటారు. సందుల్లో కోళ్ళు, దువ్వెనలు, మేకలు. ఏలూరులో డిజైను గీసిన నక్షా కాగితం ఎదురుగా ఉండేదట, ఇక్కడ అంతా మనసులోంచే. ఒక మేకకి మూడే కాళ్ళు.

అమ్మ ఒక నారింజ పువ్వు దగ్గర ఆగి కుచ్చు విడదీసింది. పైన మట్టిరంగు, మొదలు దగ్గర హోళీ రంగు! డబ్బా రంగు. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఆ రసాయన రంగుల సంతతి, ఆ శతాబ్దం తిరక్కముందే ఇరాన్ సంతలకి చేరింది. నూరేళ్ళ మాట నిజమే కావచ్చు, చెట్ల మాట మాత్రం కాదు. కొట్టాయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. కొనలేదు.

ఆటో అలీ అస్కర్ రోడ్డు మీదుగా వచ్చింది. 1824లో షిరాజ్ నుంచి గుర్రాలు తెచ్చి అమ్మినాయన పేరే అది, మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్‌కి తాతగారు అని గొప్పగా చెప్పాను. అమ్మ వినలేదు.

"ఆ నాలుగో కాలు దగ్గరికి అంచు వచ్చేసిందిరా. చోటు లేదు" అంది.