బీవర్‌కి తెలుగు పేరు వెతుకుతూ నమకం దాకా

మా మేనకోడలు టొరంటోలో చదువుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు హ్యాండ్‌బ్యాగు దులిపి, అడుగున మిగిలిన చిల్లరంతా మా అమ్మ ఒళ్ళో పోసింది. ఐదు సెంట్ల బిళ్ళ మీద బొమ్మ చూసి అమ్మ "పందికొక్కునేంటే డబ్బుల మీద వేసుకున్నారు?" అంది. బీవర్ అది, 1937లో ఆ బిళ్ళ మీదకి ఎక్కింది. "అయితే దీన్ని తెలుగులో ఏమంటారు మామయ్యా?" అని పిల్ల నా మీద పడింది.

నీటికుక్క అనబోయి ఆగాను. నీటికుక్క అంటే చేపలు తినే ఆటర్. బీవర్ చేపల జోలికి పోదు, చెట్ల బెరడు కొరుక్కు తింటుంది, ఎలుకల జాతి. ఆ లెక్కన పందికొక్కన్న అమ్మే నాకన్నా దగ్గరగా ఉంది (ఇంగ్లీషు వాళ్ళ బ్యాండికూట్ మన పందికొక్కే, అది వేరే కథ). కోరింగ మడ అడవుల్లో ఉండే బావురు పిల్లి గుర్తొచ్చి, బావురు, బీవర్ ఒకటేనేమో అని క్షణం సంబరపడ్డాను కానీ, అది పిల్లి. చెవికి దగ్గరగా వినబడినంత మాత్రాన చుట్టరికం కలిపేస్తే ఎట్లా.

మన దేశంలో ఆ జంతువు లేదు కాబట్టి పేరూ లేదు అని చెప్పి ఊరుకోవాల్సింది. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో మాట మూలం వెతకడం మొదలుపెట్టాను, ఇక నిద్ర ఎక్కడిది.

జర్మన్‌లో బీబర్, లిథువేనియన్‌లో బెబ్రస్, రష్యన్‌లో బోబ్ర్, లాటిన్‌లో ఫిబెర్. అన్నీ ఒకే పాత మాట పిల్లలు, ఆ మాటకి అర్థం గోధుమరంగుది అని. మనం నల్లనల్లని, ఎర్రెర్రని అన్నట్టు రంగు చెప్పే ధాతువునే రెండుసార్లు పలికితే వచ్చిన మాటట. దాని సంస్కృతపు తోబుట్టువు ఏదో చూసేసరికి లేచి కూర్చున్నాను. బభ్రు!

నమకంలో "అసౌ యస్తామ్రో అరుణ ఉత బభ్రుస్సుమంగళః" అని ఎన్నిసార్లు విన్నామో. పొద్దున్నే రాగిరంగులో, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత బభ్రువర్ణంలోకి మారే సూర్యుణ్ణే రుద్రుడిగా చెప్పే చోటు అది. విష్ణుసహస్రనామంలో కూడా "రుద్రో బహుశిరా బభ్రుః" అని వస్తుంది. అక్కడ మాత్రం వ్యాఖ్యాతలు రంగు జోలికి వెళ్ళకుండా, లోకాలని భరించేవాడు అని అర్థం చెప్పారు.

సంస్కృతంలో బభ్రు అంటే ముంగిస కూడా. నాకు బాగా నచ్చింది ఇదే. పాత ఇరాన్ భాష అవెస్తాలో బవ్రి అంటే బీవరే, అనాహిత అనే నీటి దేవత ఆ తోలు బట్టలే కట్టుకుంటుంది. అక్కడి దాకా జంతువూ ఉంది, పేరూ ఉంది. ఇటు వచ్చేసరికి జంతువు లేదు. చేతిలో మిగిలిన మాటని వృథా పోనివ్వకుండా ఎదురుగా కనబడ్డ గోధుమరంగు ముంగిసకి పెట్టేసుకున్నట్టున్నారు మనవాళ్ళు.

పొద్దున్న ఇదంతా చెబితే మా పిల్ల "అయితే బభ్రువాహనుడు బీవర్ ఎక్కి తిరిగేవాడా?" అంది. గోధుమరంగు గుర్రాలు అనుకోవే తల్లీ అన్నాను. అన్నట్టు అర్జునుణ్ణి కొడుకైన బభ్రువాహనుడు పడగొట్టేదీ, ఒళ్ళు సగం బంగారమైన ముంగిస వచ్చి ధర్మరాజు యాగాన్ని తీసిపారేసేదీ ఒక్క అశ్వమేధ పర్వంలోనే. దీన్నుంచి ఏమీ తేల్చలేం, సరదాగా ఉందని చెప్పాను.

గ్రీకుల దారి వేరు. వాళ్ళు దీన్ని కాస్టోర్ అన్నారు. దాని తోక దగ్గర తిత్తుల్లోంచి తీసే ఘాటు వాసన సరుకుని వందల ఏళ్ళు మందుగా వాడారు. తర్వాత దాని బదులు మందుగా వాడటం వల్లే ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అనే పేరు వచ్చిందంటారు. మహబూబ్‌నగర్, నల్గొండ చేలల్లో పండే ఆముదాల ఇంగ్లీషు పేరులో ఈ జంతువు దాక్కుని ఉందన్నమాట, నా చిన్నప్పుడు ముక్కు మూసి తాగించినప్పుడు తెలిసుంటే ఇంకాస్త గింజుకునేవాణ్ణి. నుదుట దిద్దే కస్తూరి అనే మాట కూడా ఈ కాస్టోర్ నుంచే వచ్చిందని కొందరు పండితులు అంటారు, అదీ ఒక జంతువు తిత్తిలోంచి తీసే పరిమళమే కదా.

ఇంగ్లీషులో బీవర్ అంటే దాని బొచ్చుతో చేసిన టోపీ కూడా. ఆ టోపీల పిచ్చితోనే 1670లో హడ్సన్స్ బే కంపెనీ పుట్టి, ఉత్తర అమెరికాలో ఆ జంతువుని దాదాపు తుడిచిపెట్టేదాకా వ్యాపారం నడిచింది. ఇంకో బూతర్థం కూడా ఉంది, అమ్మ ఈ బ్లాగు చదువుతుంది కాబట్టి వదిలేస్తున్నా.

చివరిగా నా సొంత గొడవ. హామ్లెట్‌లో దయ్యం బీవర్ పైకెత్తి ఉందని హొరేషియో చెబుతాడు. డిగ్రీ పరీక్షలో నేను దానికి బొచ్చు టోపీ అని అర్థం రాసి, డెన్మార్క్ చలి గురించి కూడా నాలుగు ముక్కలు కలిపాను. ఆ బీవర్ వేరే మాటట, శిరస్త్రాణానికి ముఖం మీదకి దించుకునే కవచం. ఫ్రెంచిలో పసిపిల్లల మెడకి కట్టే చొంగగుడ్డ పేరు నుంచి వచ్చింది, చొంగకే వాళ్ళ మాట బావ్. ఆ జవాబుకి రెండు మార్కులు ఎందుకు పోయాయో పాతికేళ్ళకి తెలిసింది.