రెండో గేరులో మలక్‌పేట

2025 నవంబరు, శనివారం రాత్రి

ఇవాళంతా చేసిన పని ఒక్కటే, బండ్లు చూడటం. పొద్దున ఎల్బీనగర్ వైపు షోరూములు, భోజనాలయ్యాక ఇంకొకటి. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సంచీ నిండా పాంప్లెట్లు, నా ఫోన్ నిండా కొటేషన్ల ఫోటోలు. "ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత తిరగలేదండీ" అంది. నిజమే. ఇల్లంటే బ్యాంకు ఎంత లోన్ ఇస్తానంటే అంతలో చూసుకున్నాం. బండి దగ్గర అట్లా కాదు, జేబుతో పాటు ఇష్టం కూడా మాట్లాడుతుంది.

నా అవసరం చాలా చిన్నది. వనస్థలిపురం నుంచి ఆబిడ్స్‌లో ఆఫీసుకి, రానూపోనూ ముప్పై కిలోమీటర్లు. పండక్కో పెళ్ళికో సూర్యాపేట దాకా అరవై అయిదో నంబరు హైవే. ఇన్నాళ్ళూ ఈ రెండూ స్ప్లెండరే చేసింది. ఊళ్ళో దాన్ని మించిన బండి లేదని ఇప్పటికీ అంటాను. హైవే మీద మాత్రం పక్కనుంచి వోల్వో బస్సు దాటిపోతే బండీ మనిషీ కలిసి ఒక అడుగు పక్కకి జరుగుతాం. వెనక మా ఆవిడ కూర్చుంటే చౌటుప్పల్ దాటేదాకా నా భుజం మీద ఆమె వేళ్ళు బిగిసే ఉంటాయి. కొత్త బండికి మూల కారణం అదీ. ఇక గుండ్రటి హెడ్‌లైటు, నిండైన ట్యాంకు, నిటారుగా కూర్చునే సీటు అవసరాలు కావు, నా కోరికలు. ఆన్‌రోడ్, అంటే అన్ని ఖర్చులూ కలిపి, రెండు లక్షలు దాటకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం.

పాత రకం, అదే రెట్రో, బండి మీద ఇష్టం మా మేనమామ యెజ్డీతో మొదలైంది. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు, దానికి ఎడమ పక్కన ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు, స్టార్టయ్యాక ముందుకి వాల్చితే అదే గేరు రాడ్డు. మామయ్య లుంగీ ఎగగట్టి, కాలితో ఆ రాడ్డు తిప్పి, ఒక్క కిక్కుతో స్టార్ట్ చేసి, అదే ఊపులో గేరు వేసేవాడు. రెండు సైలెన్సర్ల నుంచి నీలం పొగ, పెట్రోల్లో కలిపిన ఆయిల్ వాసన. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ఆ బండ్లు తయారుచేసింది, 1996లో మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు మళ్ళీ రోడ్డెక్కాయి. ఇవాళ షోరూంలో యెజ్డీ కనబడితే నేను ముందు చూసింది ఎడమ పక్కనే. మామూలు గేరు రాడ్డే, స్టార్టింగ్ బటన్. లిక్విడ్ కూల్డ్ ఇంజిన్, రేడియేటర్, అన్నీ ఈ కాలంవే. తప్పు పట్టడానికేం లేదు, పొగ వదిలే టూ స్ట్రోక్ బండి ఇప్పుడు ఎవరు తయారుచేస్తారు? కానీ ఆ పేరు కోసమే కొంటే మామయ్య జ్ఞాపకానికి డబ్బు కట్టినట్టు అవుతుంది కదా అనిపించి పక్కకి జరిగాను.

ధరల సంగతి ఈ సెప్టెంబరు నుంచి మారిపోయింది. సెప్టెంబరు 22న జీఎస్టీ మార్చారు కదా, ఇంజిన్ సైజు 350 సీసీ వరకు ఉన్న బండ్లకి 28 శాతం కాస్తా 18 అయింది. ఆ గీత దాటితే ఏకంగా 40. అంతకుముందు పెద్ద బండ్లకి 28తో పాటు 3 శాతం సెస్సు ఉండేది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 ఇంజిన్ 349 సీసీ, హోండా హైనెస్ సీబీ350 ఇంజిన్ 348 సీసీ అంటే ఏదో ఇంజినీర్ల లెక్క అనుకునేవాణ్ణి. పన్ను పుస్తకం పక్కన పెట్టుకుని గీసినట్టున్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ హంటర్ 350 బేస్ మోడల్ ఎక్స్‌షోరూం, అంటే రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ కలపని ధర, 1.38 లక్షల దగ్గరికి దిగింది. నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న ట్రయంఫ్ స్పీడ్ 400 మాత్రం 398 సీసీ, గీతకి అవతలి పక్క. నలభై హార్స్‌పవర్, చూడ్డానికి ముచ్చటైన బండి. దాని మీద కూర్చుని, దిగి, వచ్చేశాను. టెస్ట్ రైడ్ అడగలేదు, అడిగితే ఇంటికి ఆ బండితోనే వస్తానని భయం.

ఇక అసలు విషయం. బండి వీడియోలు చూస్తే ప్రతివాడూ నూట ఇరవైలో వైబ్రేషన్ వస్తుందా రాదా అని చెబుతాడు. నేను రోజూ పోయే స్పీడు ఎంతో ఎవరూ చెప్పరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్ దాకా, మరీ ముఖ్యంగా మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, పొద్దున తొమ్మిదిన్నరకి నా స్పీడు పన్నెండు నుంచి పదిహేను. ముందు సెవెన్ సీటర్ ఆటో, ఎడమ పక్క సిటీ బస్సు, కుడి పక్క మెట్రో పిల్లర్. మొదటి గేరులో బండి కుదుపుతుంది, రెండో గేరులో ఆగిపోతానంటుంది. ఎడమ చేతి నాలుగు వేళ్ళూ క్లచ్ మీదే. నా బండి బాగోగులు తేలేది అక్కడ, నార్కట్‌పల్లి దగ్గర కాదు.

అందుకే ప్రతి షోరూంలోనూ ఒకటే అడిగాను, ఖాళీ రోడ్డు వద్దు, ఎల్బీనగర్ సర్కిల్ చుట్టూ తిరిగొస్తానని. సేల్స్ కుర్రాడు విచిత్రంగా చూసి వెనక ఎక్కాడు. వాళ్ళు ఎట్లాగూ వెనక కూర్చుంటారు కాబట్టి డబుల్స్ పరీక్ష కూడా అందులోనే అయిపోతుంది.

మూడు వందల యాభై సీసీ బండ్ల గొప్పతనం ఆ రద్దీలోనే తెలిసింది. హంటర్ ఇంజిన్లో పిస్టన్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ తిరిగే దూరం దాదాపు 86. హోండాలో ఆ తేడా ఇంకా ఎక్కువ, 70కి 90. అంటే సన్నగా పొడుగ్గా ఉండే సిలిండర్. ఇట్లాంటి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. హోండా బండి 30 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది. రెండో గేరులో పదిహేనులో పోతూ, క్లచ్ ముట్టకుండా కొద్దిగా రేస్ ఇస్తే చాలు, గొణగకుండా కదిలింది. పాత బండ్ల నుంచి వీటికి నిజంగా వచ్చిన ఆస్తి ఇదేనని నా లెక్క. గుండ్రటి లైటుదేముంది, ఏ బండికైనా తగిలించవచ్చు.

మరి అక్కడితో ఆగి సంతకం పెట్టొచ్చుగా? మా అపార్ట్‌మెంటు సెల్లార్ ఉంది మధ్యలో. హంటర్‌లో మంచి వేరియంటు 181 కిలోలు, హోండా హైనెస్ కూడా 181, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ అయితే 195. నా స్ప్లెండర్ 112. డెబ్బై కిలోల తేడా అంటే ఇంకో మనిషి. రోడ్డు మీద బండి నడుస్తున్నంతసేపూ ఆ మనిషి కనబడడు. సెల్లార్లో నా స్లాట్ పిల్లర్ వెనక, మూలకి ఉంది. కారాయన గీత మీదికి పెట్టి పోతాడు. రోజూ పొద్దున బండిని సైడ్ స్టాండ్ తీసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకి నెట్టి, అప్పుడు ర్యాంప్ ఎక్కించాలి. వానాకాలం ఆ టైల్స్ మీద చెప్పులు జారతాయి. షోరూంలో హంటర్‌ని న్యూట్రల్లో పెట్టి అట్లాగే వెనక్కి లాగి చూశాను. రెండోసారికి నడుము దగ్గర పట్టేసింది. నలభై దాటిన నడుము, దానితో వాదన పెట్టుకోలేను.

మధ్యాహ్నం చూసిన టీవీఎస్ రోనిన్ నా లిస్టులో చివర ఉండింది. 225 సీసీ అనేసరికి చిన్నచూపు. లెక్కలు చూస్తే ఆశ్చర్యం వేసింది, పవర్ 20.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే). అంటే ఆ మూడు వందల యాభైల పక్కన దర్జాగా నిలబడేంత. టార్క్ మాత్రం తక్కువ, 20 న్యూటన్ మీటర్లకి ఒక వీసం అటూ ఇటూ. దాని సిలిండర్ పొడుగుదీ కాదు వెడల్పుదీ కాదు, 66కి 66. బరువు 160 కిలోలు. రద్దీలో రేస్ ఇవ్వకుండా క్లచ్ వదిలేస్తే దానంతట అది పాకుతూ పోయే ఏర్పాటు ఒకటి ఉంది. సాగర్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర దాన్ని అట్లాగే వదిలేశాను. ముందు ఆటో ఎంత జరిగితే అంత జరిగింది. నా ఎడమ చేయి మొదటిసారి ఖాళీగా ఉంది. క్లచ్ కూడా రెండు వేళ్ళకి లొంగింది.

హయత్‌నగర్ వైపు కొంచెం ఖాళీ దొరికితే ఎనభై దాకా పోనిచ్చాను. 350 బండి ఎనభైలో తీరిగ్గా ఉంటుంది, ఇది కాస్త హుషారుగా తిరుగుతోందని తెలుస్తోంది. కుర్రాడితో సహా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక గేరు దించాల్సి వచ్చింది. తొంభై దాటి గంటలకొద్దీ పోయేవాళ్ళకి 350 తీసుకోమనే చెబుతాను. నేను ఎనభై మనిషిని. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని ఎట్లాగూ రానివ్వరు. నాకున్న హైవే అంతా పంతంగి టోల్‌గేట్ పక్క సందులోంచి ఉచితంగా దూరిపోయే హైవేనే.

మా ఆవిడ పరీక్ష వేరు. ప్రతి బండి వెనకా రెండు కాళ్ళు ఒక పక్కకి వేసి ఒకసారి, అటూ ఇటూ వేసి ఒకసారి కూర్చుంది. శారీ గార్డు ఎక్కడ ఉంది, పట్టుకోవడానికి వెనక కడ్డీ ఉందా, కాలు పెట్టేచోటు సైలెన్సర్‌కి ఎంత దూరం అని చూసింది. ఒకదాని సీటు ముక్కాలిపీట మీద కూర్చున్నట్టుందని దిగిపోయింది. ఆ బండి పేరు రాయను, మా తమ్ముడి దగ్గర అదే ఉంది. రోనిన్ సీటుకి నూటికి డెబ్బై మార్కులు వేసింది. హైనెస్‌కి తొంభై. హైనెస్ ఆన్‌రోడ్ కొటేషన్ చూసి ఆ తొంభైని తనే మర్చిపోయింది. లైఫ్ టాక్స్, అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, హ్యాండ్లింగ్ అని ఒకటి, యాక్సెసరీల కిట్టు అని ఒకటి కలిసేసరికి మా రెండు లక్షల గీత ఎటో పోయింది. హ్యాండ్లింగ్ అంటే ఏం హ్యాండిల్ చేస్తారని అడిగితే కుర్రాడు నవ్వి మేనేజర్ని చూపించాడు. కిట్టు తీసేయించుకోవచ్చు, అడగాలంతే.

తక్కువ ధర అని పేపర్లో వేసే వేరియంటు సంగతి కూడా ఇవాళే అర్థమైంది. హంటర్ బేస్ మోడల్‌కి స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు, వెనక డ్రమ్ బ్రేకు, బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ముందు చక్రానికే. స్పోకులు అందంగానే ఉంటాయి, పాత బండి కళ అంతా వాటిలోనే ఉంది. మా మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేస్తే ఒకే మాట అన్నాడు, "సార్, మేడంతో హైవే పోతానంటున్నారు, ట్యూబ్‌లెస్ తీసుకోండి." ట్యూబులో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్ అయితే మేకుతోనే మెల్లగా పంక్చర్ షాపు దాకా చేరతాం. సూర్యాపేట దారిలో రాత్రి పూట అంత బరువు తోసుకుంటూ నడవడం ఊహించుకుని ట్యూబ్‌లెస్ టైర్లుండే అల్లాయ్ చక్రాలకి ఓటేశాను.

పెట్రోలు లెక్క రాత్రి భోజనం దగ్గర వేశాం. నెలకి ఏడు వందల యాభై కిలోమీటర్లు, లీటరు 107. స్ప్లెండర్ లీటరుకి అరవై ఇస్తే పదమూడు వందల చిల్లర. 350 బండి ముప్పై అయిదు ఇస్తే రెండు వేల మూడు వందలు. రోనిన్ నలభై ఇస్తే రెండు వేలు. మూడు వందల తేడాకి ఎవరూ బండి మార్చుకోరు, దీన్ని లెక్కలోంచి తీసేశాం.

రోనిన్ తీసుకుందామనుకుంటున్నానని ఆఫీసులో మిత్రుడికి మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చేశాడు. "రెట్రో అంటివి, బుల్లెట్ తీసుకోకుండా అదేంది? డుగ్ డుగ్ ఏది?" ఆయన బుల్లెట్ ఆదివారం మాత్రమే బయటికి తీస్తాడు, ఆఫీసుకి మెట్రోలో వస్తాడు. ఆ మాట అనకుండా ఊరుకున్నాను. రోనిన్ చప్పుడు పెద్దగా ఏమీ లేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. సందు చివర వినిపించే బండి కాదది.

రోనిన్‌లో రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉన్న వేరియంటుకే నా ఓటు. రంగు విషయంలో ఇంకా తేలలేదు, నలుపు మీద దుమ్ము కనబడుతుందని ఆమె పట్టు. అమ్మ ఫోన్లో మార్గశిరంలోనే తీసుకోమంది, తర్వాత పుష్యం, శూన్యమాసం. భాయ్ లెక్క కూడా అక్కడికే వచ్చింది. కొత్త ఇంజిన్ సర్దుకునే రన్నింగ్-ఇన్ అయ్యి మొదటి సర్వీసు పడేదాకా హైవే ఎక్కించొద్దన్నాడు. రోజుకి ముప్పై చొప్పున ఆఫీసుకి తిరిగితే, డిసెంబరు మొదటి వారంలో బండి చేతికొస్తేనే సంక్రాంతికి సర్వీసు అయిపోయి ఉంటుంది. సోమవారం ఆఫీసుకి పోతూ అడ్వాన్సు కట్టాలి. యాక్సెసరీల కిట్టు తీసేయమని ముందే చెప్పాలి, శారీ గార్డు తప్ప.