రిగోల్ గట్టున శనివారం

అక్టోబరు, శనివారం. పొద్దున చలి, మబ్బు లేదు, ఆగ్నేయం నుంచి వీచే ఓతాన్ గాలి నిన్నటి నుంచి వదలడం లేదు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి ఆగ్నేయాన ఉన్న లోరాగే ప్రాంతంలో ఈ గాలి మొదలైతే మూడు రోజులు, తగ్గకపోతే ఆరు, అప్పటికీ తగ్గకపోతే తొమ్మిది అని ఊళ్ళో లెక్క చెబుతారు. ఇలాంటి రోజున సైకిల్ మీద కెనాల్ దు మిదీ అనే పెద్ద కాలువ గట్టు పట్టుకుని కాస్టెల్‌నోదరీ వైపు పోతే పొద్దంతా ఎదురుగాలే. దానికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ రిగోల్ ద లా ప్లెన్ వెంట అయితే దారి ఈశాన్యానికి తిరుగుతుంది. గాలి పక్కనుంచి తగులుతుంది, అదీ చెట్లు అడ్డుకోగా మిగిలినంత. కాబట్టి ఈరోజుకు దారి ఇది: రైల్లో అవిన్యోనే, అక్కడినుంచి నాలుగైదు కిలోమీటర్లు కెనాల్ పక్కన నోరూజ్, ఆపైన రిగోల్ గట్టు మీదుగా రెవెల్. ఓపిక ఉంటే పైన సాన్ ఫెరియోల్ చెరువు.

17వ శతాబ్దంలో పియేర్ పోల్ రికే తవ్వించిన కెనాల్ దు మిదీకి అన్నిటికంటే ఎత్తైన చోటు నోరూజ్, సముద్రమట్టానికి 189 మీటర్లు. అక్కడినుంచి నీళ్ళు ఒకపక్క అట్లాంటిక్ వైపు, మరోపక్క మధ్యధరా వైపు దిగిపోతుంటాయి. లాకు తెరిచిన ప్రతిసారీ కొంత నీరు కిందికి పోతుంది, ఆ లోటు పైనుంచి పూడాలి. పూడ్చేది ఈ రిగోల్. గోదావరి జిల్లాల పంటకాలువ గట్లు ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. సన్నటి కాలువ, పక్కన మట్టిబాట, పైన చెట్ల నీడ. కార్లు రావు.

మ్యాపులో నోరూజ్ నుంచి రెవెల్‌కి గీత గీస్తే 19 కిలోమీటర్లు ఉంటుంది. గట్టు మీద 30 దాటుతుంది. నీటికి వాలు తప్పకూడదని కాలువను కొండల నడుము చుట్టూ మెలికలు తిప్పారు. దూరంగా కనిపించే చర్చి గోపురం ఒకసారి ఎడమన, ఇంకోసారి కుడిన, మళ్ళీ ఎడమన ప్రత్యక్షమవుతుంది. టైము లెక్క వేసుకునేటప్పుడు మ్యాపు గీతను నమ్మితే మధ్యాహ్నం తిండి పోయినట్టే.

వెళ్ళేది ఏటికి ఎదురే అయినా ఎక్కుతున్నట్టు కాళ్ళకు తెలియదు. అలాగని సుఖమని కాదు. దిగుడు లేని దారిలో పెడల్ ఆపే అవకాశమే రాదు. రెండు గంటలు అదే కూర్చున్న చోట కూర్చుంటే ముందు తిమ్మిరెక్కేది కాళ్ళు కాదు, సీటు మీది ఎముకలు, తర్వాత అరచేతులు. పావుగంటకోసారి గేరు రెండు మెట్లు బరువు పెంచి, లేచి నిలబడి ఇరవై తొక్కులు తొక్కితే చాలు.

టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు సరిపోతుంది. 28తో కూడా పోవచ్చు గానీ దారిలో చెట్ల వేళ్ళ మీద చేతులు అదిరిపోతాయి, 50 అనవసరపు బరువు. మనిషి, సైకిల్, సంచులు కలిపి 90 కిలోలు ఉంటే ట్యూబ్‌లెస్‌లో గాలి ఒత్తిడి ముందు 2 బార్, వెనక 2.2 దగ్గర మొదలుపెట్టండి. వేళ్ళు వరసగా వచ్చే చోట చక్రం ఎగిరెగిరి పడుతుంటే 0.2 తగ్గించాలి. రిమ్ము వేరుకు తగిలి టక్కుమన్న చప్పుడు వినిపిస్తే అంతే మళ్ళీ పెంచాలి. లోపల ట్యూబు ఉన్నవాళ్ళు అంత తక్కువకు పోకూడదు. వేరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు పక్కపక్క చిల్లులు పడతాయి.

ఈ కాలంలో అసలు శత్రువు ముళ్ళు. పంటలు అయిపోయాక రైతులు ట్రాక్టరుకు కోతయంత్రం తగిలించి పొలాల అంచున ముళ్ళకంచెలు కత్తిరిస్తారు. ముక్కలు దారి మీదే పడి ఉంటాయి, ఎండు ఆకుల కింద కనిపించవు. చెక్కముక్క రంగులో, రెండు సెంటీమీటర్ల ముల్లు టైరును నిలువునా దిగుతుంది. ట్యూబ్‌లెస్‌లో ముల్లు దిగి గాలి పోకుండా ఉంటే దాన్ని పీకకండి, ఇంటికి చేరాక చూడొచ్చు. బుస్సుమంటూ పోతుంటేనే పీకి, చిల్లు అడుగుకు వచ్చేలా చక్రం తిప్పి ఆపాలి. చిల్లులు మూయడానికి టైరులో పోసే ద్రవం, సీలంట్, అక్కడ పోగై మూసుకుంటుంది. 40 టైరుకు 60 మిల్లీలీటర్లు పొయ్యాలి, ఎండాకాలం గడిచాక లోపల తడి ఉందో లేదో చూసుకోవాలి. వేసవికి ముందు పోసింది ఇప్పటికి రబ్బరు పొరలా ఎండిపోయి ఉంటుంది.

ఎంతకీ మూసుకోకపోతే ట్యూబు వెయ్యాలి. చాలామంది పంక్చరు మీద పంక్చరు తెచ్చుకునేది ఇక్కడే. సీలంట్ అప్పటికే నిశ్శబ్దంగా మూసేసిన పాత ముళ్ళు టైరులో ఇంకా ఉంటాయి. కొనలు లోపలికి పొడుచుకుని, కొత్త ట్యూబు కోసం కాచుకుని ఉంటాయి. ట్యూబు పెట్టేముందు పాత గుడ్డ ఒకటి టైరు లోపలి వైపు చుట్టూ తిప్పండి. నూలు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. వేలితో తడిమితే వేలికే దొరుకుతుంది. బయటినుంచి పట్టకారుతో లాగాలి. అది లేకపోతే లోపలినుంచి మల్టీటూల్ అంచుతో నొక్కి బయటికి తోసేయాలి. వాల్వు లోపలి భాగం, కోరు, కూడా సీలంట్‌తో బిగుసుకుపోతుంటుంది. పంపు కొట్టినా గాలి దిగకపోతే తప్పు పంపుది కాదు, కోరు మార్చాలి. స్పేరు ఒకటి సంచిలో ఉంటే రెండు నిమిషాల పని.

చెట్ల వేళ్ళను నిలువుగానే దాటాలి, రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, సీటు మీదినుంచి కొంచెం లేచి. ఏటవాలుగా వెళ్తే, అందులోనూ తడిసి ఉంటే, ముందు చక్రం జారి సవారీ కాలువలోకి. వాన పడిన మర్నాడు అయితే ఈ దారి వద్దు. ఇక్కడిది బంకమట్టి. టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది, గట్టు మీది గాడులు ఎండాక రాయిలా మిగిలి తర్వాత వచ్చేవాళ్ళకు నెలంతా శిక్ష.

నడిచేవాళ్ళదే ముందు హక్కు. వెనకనుంచి గంట కొట్టడం కంటే పది మీటర్ల ముందే బోంజూర్ అంటే కుక్కలు కూడా బెదరవు. శీతాకాలం అయ్యేదాకా వేట సీజను. దారి పక్కన 'షాస్ ఆన్ కూర్' (వేట జరుగుతోంది) బోర్డు కనిపిస్తే నారింజ రంగు చొక్కా వేసుకుని, మాట్లాడుకుంటూ పోవాలి. ఇయర్‌ఫోన్లు జేబులో ఉంచండి. నీళ్ళకు ఊరి శ్మశానం గేటు దగ్గరి కుళాయి చూడొచ్చు, 'నోన్ పొటాబ్ల్' (తాగేవి కావు) అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

రెవెల్‌లో శనివారం సంత. పట్నం పుట్టింది 1342లో. నడిబొడ్డున చెక్క స్తంభాల మీద పెద్ద కప్పు, దాని కిందా చుట్టూ వీధుల్లోనూ కూరలు, జున్ను, రొట్టె. సంత మధ్యాహ్నానికి సర్దేస్తారు, పన్నెండున్నరకు కొట్లు మూస్తారు. కాబట్టి పదకొండున్నరకల్లా చేరాలి. సాన్ ఫెరియోల్‌కి ఇక్కడినుంచి మూడు నాలుగు కిలోమీటర్లు, 120 మీటర్ల ఎక్కుడు, కార్ల రోడ్డు. 1667లో మొదలై 1672లో ముగిసిన మట్టికట్ట, 67 హెక్టార్ల నీళ్ళు. కెనాల్‌కి నీళ్ళు నిలవ పెట్టడానికి కట్టిందే. చూడదగ్గదే గానీ కాళ్ళు బరువెక్కితే వదిలెయ్యొచ్చు. రిగోల్ మాత్రం వదలకూడదు.

రెవెల్‌కి రైలు లేదు, తిరుగు ప్రయాణం కూడా గట్టు మీదే. చెట్ల కింద చీకటి బయటికంటే అరగంట ముందే పడుతుంది, ముందు లైటు ఉండాలి. అవిన్యోనేలో ఆగే రైళ్ళు తక్కువ, పెట్టెలో సైకిళ్ళకు చోటూ తక్కువ. అది తప్పిపోతే విల్‌ఫ్రాంష్‌కి కెనాల్ పక్కన తారుబాట ఉంది, పది కిలోమీటర్లలోపే. అక్కడ ఆగే రైళ్ళు ఎక్కువ.