దిమ్మె

మా నాయిన పుట్టింది ఎప్పుడో ఇంట్ల ఎవరికీ తెల్వదు. ఓటరు కార్డుల 1953 అని ఉంటది గని, అది రాసుకొనెటందుకు వచ్చినాయన నాయిన మొకం చూసి వేసిన లెక్క. మేం అడిగితే మాత్రం "సాగర్ కట్టేటప్పుడు నాకు చెడ్డీ తొడిగే ఈడు" అనేటోడు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌ల పునాది పడ్డది, కట్టుడు 1967 దాంక నడిచింది. నడుమ పెద్ద కట్ట రాతి కట్టడం. తాత, నాయనమ్మ రాళ్లు మోస్తుంటే ఈయన చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలల చెల్లెను ఊపుకుంట కూసునేటోడట.

మాది కోస్గి దిక్కు. కృష్ణమ్మ తెలంగాణల అడుగు పెట్టేదే మా పాలమూరుల. అయినా సాగర్ నీళ్లు ఎడమ కాలువల నల్గొండ, ఖమ్మంకు, కుడి కాలువల గుంటూరు, ప్రకాశంకు పోయినై. మా చెల్కల ఆముదాలు వానకే ఎదురుచూసినై. నేను ఈ మాటెత్తి కోపానికి వస్తే నాయిన నవ్వేటోడు. "పెట్టిన రాయి కదల్లే గదరా" అని ఊకునేటోడు. ఆయనకు రాకపోయిన కోపం నాకెందుకు వస్తదో!

నాయిన పెద్దగైనంక శ్రీశైలం డ్యాం పని, ఆ తర్వాత బొంబాయి, పుణె. కురుమూర్తి జాతర అయినంక పోతే మళ్ల మిరుగు కార్తెకే వచ్చుడు. చిన్నప్పుడు నాకు నాయిన అంటే వానకాలం వచ్చే మనిషి. మొదటి రెండు దినాలు దగ్గరికి పోకపోయేటోణ్ని.

గుంపు మేస్త్రి ముందుగాల అడ్వాన్సు చేతుల పెట్టేటోడు. అది తీరేదాంక వాడు ఏడికి తోల్కపోతే ఆడికి. నేను 2008ల దుబాయి పోయిన. ఏజెంటుకు ఎనభై వేలు, అవి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. నాయిన పైసలు తీసుకొని పోయిండు, నేను పైసలిచ్చి పోయిన. బాకీ తీరెటందుకు నాకు ఏడాదిన్నర పట్టింది. నాయినకైతే ఒకటి తీరేసరికి పెండ్లికో, బోరుకో ఇంకోటి తయారయ్యేది.

నాది ఇనుప రాడ్లు కట్టే పని. పొద్దుగాల నాలుగున్నరకు క్యాంపు కాడికి బస్సు వస్తది. ఆడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాంక పగలు పన్నెండున్నర నుంచి మూడు దాంక ఎండల పని చేపియ్యద్దని రూలు. ఫోన్ల ఈ సంగతి చెప్తే నాయిన నమ్మలే. "పగటిపూట పండుకొమ్మని సర్కారే చెప్తదా? మంచి దేశమేరా" అన్నడు. తెల్లారి పదింటికే గ్లౌజుల లోపలికి రాడు సెగ తగులుతదని నేను చెప్పలే. శ్రీశైలంల ఆయన భుజం ఎట్ల జారిందో ఆయన గూడ మాకు చెప్పలే. అవ్వ చెప్తే తెలిసింది, అది గూడ పదేండ్లకు.

ఒకసారి నేను సెలవుల వచ్చినప్పుడు కట్టమీద కూసోని నాయిన దిమ్మె సంగతి చెప్పిండు. మట్టిపనిల గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక ముద్ద తవ్వకుండ వదిలేస్తరు. దాని తలమీద గడ్డి గూడ అట్లనే ఉండాలె. ఎంత లోతు తవ్విన్రో ఆ దిమ్మెతోని కొలిచి లెక్క కడతరు. కొందరు మేస్త్రీలు రాత్రికి రాత్రి దానిమీద రెండు గంపల మట్టి పెంచి, పైన గడ్డి పెళ్ల అతికిచ్చి, తెల్లారి కొలతకు చూపేటోళ్లట. "తవ్వని లోతుకు వానికి పైసలొచ్చె, తవ్విన లోతుకు మనకు బాకీ మిగిలె" అని పడిపడి నవ్విండు. నాకు నవ్వు రాలే.

2019 ఎండకాలం ఇంటిముందు నీళ్ల సంపు తవ్వించమని, ఇద్దరు కూలోళ్లను పెట్టమని పైసలు పంపిన. పైసలు అవ్వ చేతికిచ్చి పార ఆయనే పట్టిండు. దినాం పొద్దుగాల చల్లపూట కొంచెం, మాపటికి కొంచెం. పదోనాడో పదకొండోనాడో రొట్టె తిని మంచంల ఒరిగినోడు మళ్ల లేవలే.

ఫోన్ వచ్చినప్పుడు నేను పద్నాలుగో అంతస్తుల ఉన్న. పాస్‌పోర్టు కంపెనీ బీరువల. అది చేతికొచ్చి, టికెట్ దొరికేసరికి నాలుగు దినాలు. దుబాయిల వాట్సాప్ కాల్ నడవదు, తమ్ముడు బోటిమ్ యాప్‌ల చూపిచ్చిండు. మట్టి పోసేటప్పుడు బొమ్మ ఆగిపోయింది, మాట మాత్రం వినబడ్డది. డప్పుల నడుమ ఎవరో "పార ఇటియ్యి" అన్నరు.

సెలవు పదిహేను దినాలే. దినం అయిపోయి చుట్టాలు కదిలినంక సంపు దిక్కు పోయిన. అంచులు గోడ లెక్క చక్కగున్నై. నడుమ దిమ్మె. తలమీద గడ్డి ఎండి పసుపుపచ్చగైంది. సొంత ఇంటి సంపుకు కొలత ఎవడు అడుగుతడని వదిలిండో!

"అడ్డమున్నది తీసెయ్యమన్న బిడ్డా. ఉండనీ అన్నడు" అన్నది అవ్వ.

సైటుల వాడే టేపు నా బ్యాగులనే ఉండె. దిగి, గడ్డి మొదలు నుంచి అడుగు దాంక పట్టిన. నాలుగడుగుల రెండంగుళాలు.