నాయనమ్మ అణా మీద తెలుగు అక్షరాలు ఫోటోలో పడటానికి పది రోజులు పట్టింది

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాయనమ్మ పెట్టెలో 41 నాణేలు దొరికాయి, చిల్లు కాణీలు, బేడలు, రెండు విక్టోరియా రూపాయలు. అందరం పంచుకునే లోపు అన్నిటికీ ఫోటోలు తీసి పెడతానని అన్నయ్యకి మాటిచ్చాను.

మొదట వసారాలో తీశాను. చుట్టూ కొబ్బరి చెట్లే కదా, ఆకుల్లోంచి వచ్చే వెలుగుకి వెండి రూపాయి ఆకుపచ్చగా పడింది. గదిలో ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ, రాణి మొహమే లేదు.

నాకు అన్నిటికంటే కావలసింది 1908 నాటి అణా. ఎడ్వర్డ్ రాజు బొమ్మ, అంచు వంకీలు వంకీలుగా ఉంటుంది, వెనక ఇంగ్లీషుతో పాటు మన తెలుగులో కూడా విలువ రాసి ఉంటుంది. బాగా అరిగిపోయింది. వేళ్ళతో పట్టుకుని కిటికీ వైపు కాస్త వంచితే అక్షరాలు తేలుతున్నాయి, ఫోటోలో మాత్రం ఒట్టి బూడిదరంగు బిళ్ళ. అంటే వెలుగు పైనుంచి కాదు, పక్కనుంచి రావాలి. ఈ మాట అర్థమవడానికే నాలుగు రోజులు పట్టింది.

రెండు టేబుల్ ల్యాంపులు పెట్టుకుని బల్బుల కోసం షాపుకి వెళ్తే "వైటా, ఎల్లోనా అండీ?" అన్నాడు. రెండూ ఒకే రకం వైటే తీసుకోండి, ఒకటి అది ఒకటి ఇది అయితే నాణెం సగం పసుపు సగం నీలం పడుతుంది, తర్వాత సరిచేయలేం. కిటికీ మూసి, ట్యూబ్‌లైట్ ఆపేశాను. రెండు పుస్తకాల దొంతర్ల మీద ఫోన్ బోర్లా పెట్టి, నాణేనికి జానెడు ఎత్తులో ఉంచి, రెండింతలు జూమ్ చేసి, టైమర్‌తో తీశాను. ఫోన్ మరీ దగ్గరైతే దాని నీడే నాణెం మీద పడుతుంది.

వెండి రూపాయలకి ల్యాంపులు గడియారంలో 10, 2 ఉండే చోట్ల, ఎత్తుగా, ముందు ట్రేసింగ్ పేపర్ కట్టి పెడితే చాలు. అణాకి అది పనిచేయలేదు. ఒక ల్యాంపుని దాదాపు బల్లకి ఆనించి పడుకోబెట్టి, ల్యాంపు కదపకుండా నాణేన్నే కొంచెం కొంచెం తిప్పుతూ పోయాను. మన అక్షరాలు గుండ్రం కాబట్టి ఒక వైపు వెలుగుకి సగం గీతే కనపడుతుంది, అందుకే రెండో ల్యాంపుని పేపర్ చాటున దూరంగా పెట్టి మిగతా సగం తెప్పించాను.

1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల వెండి నాణెం ఒకటుంది, వాడనిది, అద్దంలా మెరుస్తుంది. దానికి ఫోటో ఫ్రేమ్ అద్దాన్ని నాణెం పైన 45 డిగ్రీల్లో వాల్చి, పక్కనుంచి లైటు వేస్తే ఆ వెలుగు అద్దానికి తగిలి నేరుగా కిందికి దిగుతుంది, ఫోన్ ఏమో అద్దంలోంచి చూస్తుంది. ల్యాంపుకి ఎదురు వైపు నల్లగుడ్డ పెట్టాలి, లేకపోతే గోడ ప్రతిబింబం వస్తుంది.

ఇంకో మాట, ఫోటో కోసమని నాణేలు తోమకండి. మా పిన్ని రెండు కాణీలు చింతపండు పెట్టి తోమేసింది. ఎన్నో ఏళ్ళ గోధుమరంగు పోయి పచ్చి రాగి తేలింది. ఏ లైటు పెట్టినా ఆ రంగు ఇక రాదు.

పదో రోజు రాత్రి అమ్మకి ఫోన్ ఇస్తే, వేళ్ళతో పెద్దది చేసుకుని "ఒక అణా" అని చదివింది. వెంటనే అన్నయ్యకి పంపించాను.